ఇంటి దగ్గర మినీ ట్రాక్టర్: కొన్నాక తెలిసింది, పని చేయించుకోవడం వేరే విద్య అని

కొత్త_స్టీరింగ్:

అందరికీ నమస్కారం. రెండు నెలల కిందట ఒక మినీ ట్రాక్టర్ తీసుకున్నాను. 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండే, మీటర్లో 610 గంటలు చూపిస్తోంది. దాంతో పాటు ముందు లోడర్ (మట్టి ఎత్తే బకెట్), వెనక తగిలించే చిన్న రోటావేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసేది) వచ్చాయి. నేను రైతుని కాదు. ఇల్లు, ఇంటి చుట్టూ రెండెకరాల జాగా, కొన్ని పాత చెట్లు, నడుం ఎత్తు గడ్డి, గేటు నుంచి ఇంటి దాకా ఒక 150 మీటర్ల మట్టి బాట, అంతే నా సామ్రాజ్యం. ఇన్నాళ్లూ పార, తట్ట, తోపుడు బండితో నడుం విరగ్గొట్టుకున్నాను కదా, ఇక సుఖం అనుకున్నాను. మా నాన్నగారేమో "ఎద్దుని కొని కొట్టంలో కట్టేసి మేపుతున్నావు" అంటున్నారు, ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

అసలు సంగతి ఏంటంటే పోయిన ఆదివారం ఒక ఎండిపోయిన చెట్టు మోడు పీకుదామని చైన్ కట్టాను. వెనక సీటు కింద టాప్ లింక్ (పనిముట్టుని పైనుంచి పట్టుకునే కడ్డీ) తగిలించే చోటు ఉంటుంది కదా, గట్టిగా కనిపించింది, చైన్ అక్కడే కట్టాను. లో గేర్‌లో వేసి క్లచ్ వదిలాను. మోడు కదల్లేదు, ముందు చక్రాలు లేచాయి. జానెడో మూరెడో తెలీదు కానీ బానెట్ మీదుగా ఆకాశం కనిపించింది. క్లచ్ తొక్కేశాను, ధబ్బుమని కింద పడింది. చేతులు ఒక పది నిమిషాలు వణుకుతూనే ఉన్నాయి. అప్పట్నుంచి ఎక్కాలంటే టెన్షన్.

మీరంతా చాలా ఏళ్లుగా వాడుతున్నవాళ్లు. మోడు పీకడం ఈ బండితో అయ్యే పనేనా? బాట వానకి గుంతలు పడిపోతోంది, లోడర్ బకెట్‌తో చదును చేస్తే రెండు వారాల్లో మళ్లీ అవే గుంతలు, అవే చోట్ల. కంచెకి ఒక 60 గుంతలు తీయాలి. ఇంకొక్క పనిముట్టు మాత్రమే కొనగలను, ఏది కొనమంటారు? రోటావేటర్ ఇంటి దగ్గర దేనికి పనికొస్తుందో కూడా చెప్పండి, రెండు నెలల్లో ఒక్కసారే వాడాను, ముందుకి ఉరికింది, భయమేసి ఆపేశాను.

మోడుతో_కుస్తీ:

తమ్ముడూ, ముందు బతికి ఉన్నందుకు సంతోషం. నువ్వు క్లచ్ తొక్కావు కాబట్టి ఇది రాస్తున్నావు. ట్రాక్టర్ వెనక్కి తిరగబడితే ఇక ఆపలేని స్థితికి చేరడానికి ముప్పావు సెకను చాలంటారు, పూర్తిగా మీద పడటానికి ఒకటిన్నర సెకను. ఆలోచించేంత టైం ఉండదు.

ఎందుకు లేచిందో చెప్తా. వెనక చక్రాన్ని మోడు కదలనివ్వట్లేదు, కానీ ఇంజిన్ ఇరుసుని తిప్పుతూనే ఉంది. చక్రం తిరగలేనప్పుడు ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరగడానికి చూస్తుంది, అంటే మూతి పైకి లేస్తుంది. చైన్ ఇరుసు కంటే పైన కట్టి ఉంటే ఆ లాగుడు కూడా వెనక్కే పడదోస్తుంది. అదే వెనక కింద ఉండే లాగుడు కమ్మీకి, అంటే డ్రాబార్‌కి కడితే మూతి లేచేకొద్దీ డ్రాబార్ కిందకి దిగుతుంది, వెనక్కి పడదోసే బలం తగ్గిపోతుంది. అందుకే లాగుడు పని ఏదైనా సరే డ్రాబార్‌కే. టాప్ లింక్ దగ్గర వద్దు, ఇరుసుకి వద్దు, పనిముట్టుని ఎత్తే లిఫ్ట్ చేతులకి అసలే వద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు, నేనూ నీలాగే ఒకసారి ఆకాశం చూశాను, నాకైతే పక్కన మా అబ్బాయి నించుని చూస్తున్నాడు, వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది.

సీటు వెనక నిలబడే ఇనుప చట్రం ఉంది కదా, రోల్ బార్, కొన్నిటికి మడతపెట్టే వీలుంటుంది. షెడ్డులోకి పోవడానికి మడిచి, మళ్లీ లేపడం మర్చిపోయేవాళ్లు చాలామంది. అది నిలబడి ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి, మడిచి ఉంటే పెట్టుకోకూడదు. రెండూ కలిస్తేనే ప్రాణం కాపాడతాయి.

ఇక మోడు సంగతి. 24 హెచ్‌పీ బండి బలం హెచ్‌పీలో లేదు, బరువులో ఉంది. ఎంత బరువుంటే నేలని అంత పట్టుకుంటుంది, అంతకు మించి లాగలేదు, చక్రాలు గోక్కుంటాయి. అందుకని మోడుని పీకకూడదు, విడదీయాలి. చుట్టూ అడుగు లోతు తవ్వి వేళ్లు బయటపెట్టి, లావు వేళ్లని ఒక్కొక్కటిగా గొడ్డలితో తెంచి, అప్పుడు చైన్ వేసి మెల్లగా లాగి చూడు. కదలకపోతే ఆపి దిగి ఇంకే వేరు పట్టుకుందో వెతుకు. పక్కకి వచ్చి ఇంకో వైపు నుంచి లాగు. కుదుపుతో మాత్రం లాగకు, చైన్ వదులుగా పెట్టి దూకించావంటే ఏదో ఒకటి తెగుతుంది. నైలాన్ తాడు వద్దే వద్దు, అది రబ్బర్‌లా సాగి తెగినప్పుడు కొరడాలా వెనక్కి వస్తుంది. చైన్ వేసినా దాని మధ్యలో ఒక బరువైన గోనె కప్పు, చుట్టుపక్కల మనుషుల్ని పంపించెయ్.

ఇంత చెప్పాక అసలు మాట. తొడ కంటే లావున్న పాత మోడు అయితే దాని జోలికి పోకు. ఒక గంట జేసీబీని పిలిపించు. నేను ఒకే మోడుకి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నవాణ్ణి.

గతుకుల_బాట:

మోడుల సంగతి ఆయన చెప్పారు. బాట గురించి నేను చెప్తాను, ఎందుకంటే నాలుగేళ్లు మీరు చేసిన తప్పే చేశాను.

గుంతలో మట్టి పోసి పైన చదును చేస్తే అది గిన్నెలో పిండి పోసినట్టే. కింద గట్టిగా ఉన్న గిన్నె అలాగే ఉంటుంది, వాన పడగానే నీళ్లు అందులోకే చేరతాయి, కారు టైరు ఆ నీళ్లని, మట్టిని కలిపి బయటకి చిమ్ముతుంది. అందుకే అవే చోట్ల, అవే గుంతలు. ముందు ఆ గిన్నె పగలాలి. గుంత ఎంత లోతుందో అంత లోతు దాకా చుట్టుపక్కల బాటనంతా గీరి, గుల్ల చేసి, ఆ మట్టినే కలిపి పరిచి, మళ్లీ తొక్కించాలి. లోడర్ బకెట్‌కి గీరడం చేతకాదు, దానికి పళ్లున్నా అడుగు తెలీదు.

దీనికి వాడేది బాక్స్ బ్లేడు. మూడు వైపులా గోడలున్న ఇనుప పెట్టె అనుకోండి, ముందు గీరే పళ్లు, వెనక చదును చేసే అంచు. దీనిలో మజా అంతా టాప్ లింక్‌లో ఉంది. టాప్ లింక్‌ని తిప్పి పొట్టి చేస్తే పెట్టె ముందుకి వాలి పళ్లు నేలలోకి దిగుతాయి. పొడుగు చేస్తే వెనక అంచు నేల మీద ఆనుకుని నున్నగా పోతుంది. మొదటి రెండు ట్రిప్పులు పొట్టిగా, చివరి రెండు పొడుగ్గా. నేను మొదట్లో టాప్ లింక్ ఒకసారి బిగించి మళ్లీ ముట్టుకునేవాణ్ణి కాదు, బ్లేడు మంచిది కాదని తిట్టుకునేవాణ్ణి.

రెండో మాట, బాట బల్లపరుపుగా ఉండకూడదు. మధ్యలో గూనిలా ఉండాలి. మూడు మీటర్ల వెడల్పు బాటకి మధ్యలో 5, 6 సెంటీమీటర్లు ఎత్తుంటే నీళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి. వెనక కుడి లిఫ్ట్ చేతికి తిప్పే పిడి ఉంటుంది, దాన్ని తిప్పి బ్లేడుని ఒక పక్కకి కాస్త వాల్చి, ఒక అంచు మీద వెళ్లి, తిరిగి ఇంకో అంచు మీద రండి. మట్టి మధ్యలోకి చేరుతుంది. ఎప్పుడు చేయాలంటే వాన వెలిసిన మర్నాడో మూడో రోజో. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దవ్వాలి, చేతికి అంటకూడదు. పొడిగా ఉంటే దుమ్ము లేస్తుంది తప్ప పట్టు రాదు.

ఒకటే పనిముట్టు కొనాలంటే నా ఓటు దీనికే. ఇంకో లాభం కింద ఎవరో చెప్తారులెండి.

వెనక_బరువు:

ఆ ఎవరో నేనే అనుకుంటా :)

గతుకుల బాట గారు చెప్పని లాభం ఏంటంటే, బాక్స్ బ్లేడు బరువుగా వెనక వేలాడుతుంటే లోడర్‌కి సమతూకం వస్తుంది. చాలామంది లోడర్ని ఖాళీ వెనకతో వాడతారు. తడి మట్టి ఒక క్యూబిక్ మీటర్ టన్నున్నర పైనే ఉంటుంది. మీ బకెట్‌లో పావు క్యూబిక్ మీటర్ పడితే 400 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అది ముందు చక్రాల కంటే ముందు వేలాడుతోంది, ముందు ఇరుసే కీలుగా వెనక చక్రాలు తేలిపోతాయి. వెనక చక్రాలకే బ్రేకులున్న బండ్లు చాలా ఉన్నాయి, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకుండా ఉన్నప్పుడు అవి తేలితే బ్రేకు తొక్కినా ఏమీ ఉండదు. కాబట్టి బ్లేడో, రోటావేటరో, కాంక్రీటు పోసిన డబ్బానో ఏదో ఒకటి వెనక ఉండాలి. వెనక టైర్లలో నీళ్లు నింపడం ఇంకో దారి, వాల్వ్ పైకి ఉండేలా పెట్టి ఆ మట్టం దాకా నింపితే ముప్పాతిక వంతు నిండుతుంది.

పుస్తకంలో లోడర్ ఇన్ని కిలోలు ఎత్తుతుందని రాసి ఉంటుంది కదా, అది చాలావరకు బకెట్ తగిలించే కీలు దగ్గర లెక్క. బకెట్ కొసన అంత ఎత్తదు. నిండా మోస్తే బకెట్ మోకాలి ఎత్తులో పెట్టుకుని పోవాలి, తల ఎత్తులో కాదు. వాలు మీద అడ్డంగా వద్దు, నిలువుగానే ఎక్కండి, దిగండి, బకెట్ బరువు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. దిగాల్సి వస్తే వెనక్కి నడుపుకుంటూ దిగాలి.

ఇంకోటి, బకెట్‌ని బోర్లించి వెనక్కి లాగుతూ చదును చేస్తున్నారా? అందరూ చేసేదే. పూర్తిగా బోర్లించి, కిందకి నొక్కి పెట్టి లాగితే ఆ బరువంతా సన్నటి హైడ్రాలిక్ రాడ్ల మీద పడుతుంది, ఏదైనా రాయి తగిలితే రాడ్ వంగుతుంది. లివర్‌ని ఫ్లోట్‌లో (బకెట్ నేలని బట్టి తనే లేచి దిగే స్థితిలో) వదిలేసి దాని బరువుతోనే లాగండి.

తోటలోనే_ఉంటా:

అన్నలందరూ బరువు పనుల గురించే చెప్తున్నారు. నా బండి ఏడాదిలో ఎక్కువ చేసేది చిన్న పనులే, వాటి గురించి ఎవరూ రాయరు. బకెట్‌లో పనిముట్లన్నీ పడేసి తోట చివరకి వెళ్తా. కొమ్మలు నరికి బకెట్‌లోనే పేరుస్తా. ఎరువు కుప్పని రెండు వారాలకోసారి బకెట్‌తో తిరగేస్తా, పారతో అయితే పూట పట్టేది పావుగంటలో అయిపోతుంది. పెద్ద కుండీలు, రాళ్లు, తడిసిన దుంగలు, నడుం పట్టేసే సామాను ఏదైనా సరే. చెప్పుకోవడానికి ఏమీ లేని పనులు, కానీ నాకు ఈ బండి విలువ తెలిసింది వాటితోనే. మీ నాన్నగారికి కూడా ఆయన రోజూ మోసే బరువు ఏదో ఒకటి మోసి పెట్టండి, ఎద్దు మాట ఆగిపోతుంది.

రోటావేటర్ ముందుకి ఉరికిందన్నారు కదా. దాని కత్తులు చక్రాలు తిరిగే దిక్కులోనే తిరుగుతాయి. నేల గట్టిగా ఉంటే కత్తులు లోపలికి దిగకుండా పైనే నడుస్తాయి, ట్రాక్టర్ని నెడతాయి. మొదటి చాలు రెండంగుళాలకి మించి దింపకండి, అన్నిటికంటే చిన్న గేర్‌లో వెళ్లండి, రెండోసారి ఇంకాస్త, మూడోసారి కావలసినంత. ముందు రోజు నీళ్లు పెడితే ఇంకా మంచిది. కూరగాయల మడి, కొత్తగా గడ్డి వేసే చోటు, ఇంతే దాని పని. ఏడాదికి రెండు మూడు సార్లు.

పీటీవో, అంటే ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్టుకి అందించే తిరిగే షాఫ్ట్, దాని గురించి ఒక్కమాట రాయకుండా ఉండలేను. 540 అని రాసి ఉంటుంది, నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకి 9. మీరు "అయ్యో" అనేలోపు తొమ్మిది చుట్లు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు పగిలిపోతే ఆ పూటే మార్చండి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు, విరబోసిన జుట్టు, ఏవీ వద్దు. తిరుగుతున్న షాఫ్ట్‌ని దాటడం, దాని మీదుగా చెయ్యి చాచడం, అసలు వద్దు. గడ్డి చుట్టుకుంటే బండి ఆపి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు దిగండి. నేను తాళం జేబులో వేసుకునే అలవాటు ఎందుకు చేసుకున్నానో ఇక్కడ రాయను.

మోడుతో_కుస్తీ:

@తోటలోనే_ఉంటా, తాళం మాట బాగా చెప్పారమ్మా. నేనొకటి కలుపుతా. వెనక పనిముట్టు తగిలించేటప్పుడు ఇంకొకరిని బండి ఎక్కించి "కొంచెం వెనక్కి, ఇంకొంచెం" అంటూ మధ్యలో నించోవద్దు. క్లచ్ మీద కాలు జారితే ఇద్దరిలో ఒకరికే తెలుస్తుంది.

కొత్త_స్టీరింగ్:

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. డ్రాబార్ ఎక్కడుందో ఇవాళే వెతికాను, నిజం చెప్పాలంటే అది ట్రాలీ లాగడానికే అనుకున్నాను. రోల్ బార్ కూడా మడిచే ఉంది! అమ్మినాయన అలాగే ఇచ్చాడు, రెండు నెలలు అలాగే బెల్టు పెట్టుకుని నడిపాను.

బాక్స్ బ్లేడుకే మొగ్గుతున్నా. కానీ కంచె గుంతలు 60 ఉన్నాయి, వాటికి గుంతలు తీసే మిషన్ కొనాలా?

వెనక_బరువు:

60 గుంతలకి కొనకండి, అద్దెకి తెచ్చుకోండి. ఒక రోజులో అయిపోతుంది, తర్వాత పదేళ్లు అది షెడ్డులో అడ్డంగా పడుంటుంది. వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, మెల్లగా తిప్పుతూ జానెడు దింపి, పైకి లేపి మట్టి విదిలించి, మళ్లీ జానెడు. ఏకబిగిన దింపేస్తే స్క్రూలా నేలలోకి దిగిపోయి ఇరుక్కుంటుంది, హైడ్రాలిక్ కూడా లేపలేదు. అప్పుడు ఇంజిన్ ఆపేసి, పీటీవో తీసేసి, పెద్ద పైపు రెంచీతో చేత్తోనే వెనక్కి తిప్పి బయటకి తీయాలి, ఇద్దరు మనుషులకి గంట పని. షీర్ బోల్టులు నాలుగు ఎక్కువ దగ్గర పెట్టుకోండి, రాయి తగిలితే అది తెగాలి, గేర్‌బాక్స్ కాదు. అది పదే పదే తెగుతోందని గట్టి బోల్టు వేసిన మహానుభావులు ఉన్నారు, వాళ్లకి గేర్‌బాక్స్ పోయింది.

గ్రీజు_గన్ను:

ఆలస్యంగా వచ్చాను. పైన అందరూ పని గురించే రాశారు, 610 గంటల పాత బండి అన్నారు కాబట్టి నేను బండి గురించి రాస్తా, క్లుప్తంగా.

రేడియేటర్ ముందు జాలీ తీసి చూడండి. నడుం ఎత్తు గడ్డిలో తిరిగితే గంటలోనే గడ్డి గింజలు, నూగు జాలీని దుప్పటిలా కప్పేస్తాయి, వేడి చూపించే సూది ఎరుపులోకి పోతుంది. చాలామంది నీళ్లు తగ్గాయేమో అని వేడి మీదే మూత తీస్తారు, మొహం కాల్చుకుంటారు. ముందు జాలీ దులపండి. హైడ్రాలిక్ ఆయిల్ గాజు కన్నులోంచి పాలలా తెల్లగా కనిపిస్తే లోపల నీళ్లు చేరినట్టే, ఆలస్యం చేయకుండా మార్చాలి. లోడర్ కీళ్లకి ప్రతి 10 గంటలకీ గ్రీజు. మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఒక పని చేయండి, నిప్పళ్లు (గ్రీజు ఎక్కించే చిన్న ముక్కులు) ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. మట్టి కప్పేసి కనపడనివి ఖాయంగా రెండు మూడు ఉంటాయి, పాత ఓనరు వాటికి పెట్టి ఉండడు. నా బండికి పుస్తకంలో 14 ఉంటే నాకు 11 దొరికాయి, మిగతా మూడూ వారం తర్వాత స్క్రూడ్రైవర్‌తో గోకితే బయటపడ్డాయి.

బ్రేకు పెడళ్లు రెండు విడివిడిగా ఉంటే, పొలంలో మలుపు తిప్పేటప్పుడు తప్ప మిగతా టైమంతా వాటిని కలిపే కొక్కెం వేసి ఉంచండి. బాట మీద స్పీడులో ఒక్క పెడలే తొక్కితే బండి ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది.

కొత్త_స్టీరింగ్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. బాక్స్ బ్లేడు వచ్చింది. బాట చేశాను, మొదటి రోజు చెడగొట్టాను, టాప్ లింక్ పొడుగు చేయడం మర్చిపోయి దున్నిన చేనులా తయారైంది, మా ఆవిడ గేటు దగ్గరే కారు ఆపేసి నడిచి వచ్చింది. రెండో రోజు సరైంది. నిన్న గట్టి వాన పడింది, గొడుగేసుకుని వెళ్లి చూశాను, నీళ్లు రెండు పక్కలకీ పోతున్నాయి, ఒక్క చోట మాత్రం నిలిచాయి. మోడుని వదిలేశాను. నాన్నగారు దాని మీద కూర్చుని నాకు సూచనలిస్తున్నారు. నిప్పళ్లు నాకు 9 దొరికాయి, పుస్తకం లేదు, ఇంకెన్ని ఉన్నాయో.

ఒకటే ఇబ్బంది. బ్లేడు విప్పేటప్పుడు కింది చేతుల పిన్నులు బిగుసుకుపోయి రావట్లేదు. సుత్తితో కొట్టాను, కుడి పిన్ను కొస చితికింది.

గతుకుల_బాట:

సుత్తి పక్కన పెట్టండి. బ్లేడు ఎగుడు దిగుడు నేల మీద దింపి ఉంటారు, అందుకే బరువు పిన్నుల మీద నిలబడింది. చదునైన చోట రెండు చెక్కముక్కల మీద పూర్తిగా దింపండి. ఇంజిన్ ఆపి, ముందు టాప్ లింక్ వదులు చేసి తీసేయండి. తర్వాత బండి కుడి లిఫ్ట్ చేతిని దాని పిడితో అర చుట్టు పైకో కిందికో తిప్పండి, పిన్ను వేళ్లతో వచ్చేస్తుంది. చివరికి ఎడమది. మళ్లీ తగిలించేటప్పుడు వరస తిరగేయండి, ఎడమ, కుడి, టాప్ లింక్. ఎడమదానికి సర్దే వీలుండదు కాబట్టి దాన్ని ముందు పెట్టి, కుడిదాన్ని పిడితో తెచ్చుకోవడం తేలిక.

నీళ్లు నిలిచిన చోటు ఫోటో పెట్టండి, పక్కన గట్టు అడ్డుందేమో చూద్దాం.